లయకు దారులెన్నో

శ్రుతి తల్లి, లయ తండ్రి అన్నారు పెద్దలు. అయినా భజన మందిరాల్లో చేయి తప్పిన బిడ్డను ‘తాళజ్ఞానం లేదు’ అంటూ వెనుక వరుసకు పంపడం కద్దు. ఆ తండ్రి చెంతకు చేరే దారి ఒక్కటే కాదు.

ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. లఘువులో ఒక ఘాత, ఆపై చిటికెన వేలి నుంచి మూడు వేళ్ల లెక్క; రెండు ద్రుతాల్లో ఘాత, విసర్జితం. వేళ్లు స్వాధీనం కాని పసివారికి తొలుత నడకే చాలు. అడుగుకొక అక్షరం చొప్పున ‘తకధిమి’ పలికించాలి. చూపు లేని శిష్యుని చేతిని గురువు తన చేతిపై ఉంచుకొని తాళం వేయాలి. (1919లో విజయనగరం సంగీత కళాశాల ఆచార్యులైన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు మందమే!) వినికిడి తక్కువైతే అరచేతిని మృదంగానికి తాకించాలి, ఆ కంపనమే పాఠం.

అందరినీ తడబెట్టేది రెండవ కాలం. వేగమనగానే చేయి పరుగెడుతుంది. చేయి మునుపటి నడకనే సాగాలి, స్వరాలే రెట్టింపు కావాలి. మొదటి కాలం నిలవకముందే తరిమితే తప్పు శిష్యునిది కాదు.

అటువంటి బిడ్డకు చిడతలిచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టండి. తొలి అక్షరం మీద మాత్రమే మోగించమనండి. తక్కిన ఏడూ మనసులో లెక్కించుకుంటాడు.