కణుపులో కిటుకు

బాటనీ చదవని మా నాన్న చెరకు ముచ్చెను కన్ను చూసి మరీ కోస్తారు. ఆయన కన్ను అనేదే మా రికార్డు పుస్తకంలో మొగ్గ. వేలాడే కుండీలోని మనీప్లాంటుకూ సూత్రం అదే. ఉత్త ఆకును నీళ్లలో పెడితే వేళ్లు పుట్టవచ్చునేమోగాని తీగ సాగదు. మొగ్గ ఉండేది కణుపు దగ్గరే.

రెండు మూడు కణుపులున్న తీగను కణుపుకు కాస్త కింద కోసి, కిందాకులు తీసేసి, కణుపు మునిగేలా నీళ్లసీసాలో నీడన ఉంచండి. చివుళ్లలో తయారయ్యే ఆక్సిన్ కిందికి దిగి వేళ్లు పుట్టిస్తుంది. రెండంగుళాల వేళ్లు వచ్చాక, చిల్లులున్న కుండీలో నాలుగైదు కలిపి నాటితే గుబురుగా వేలాడుతుంది.

ఈ మొక్క పూయడం బహు అరుదు. జిబ్బరెల్లిన్ లోపమే కారణమని 2016లో తేలింది. గింజ లేదు కనుక చేతులు మారుతూనే బ్రతుకుతోంది. మిత్రులారా, వీడ్కోలు నాడు ఆటోగ్రాఫుతోపాటు ఒక కణుపు కూడా ఇచ్చుకుందామా!