మానవ వికాసం, సోషల్ వర్క్: రెండింటిని కలిపి చదువుట ఎందుకు?

ఉపోద్ఘాతము

మన దేశంలో సోషల్ వర్క్ విద్య 1936లో బొంబాయిలో, నేడు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌గా పిలువబడుతున్న సంస్థలో ప్రారంభమైంది. మానవ వికాసం మాత్రం ఎక్కువగా గృహవిజ్ఞాన శాస్త్రంలో భాగంగా పెరిగింది. మొదటిది కష్టంలో ఉన్నవారికి ఎలా తోడ్పడాలో నేర్పుతుంది. రెండవది మనిషి గర్భస్థ దశ నుండి వృద్ధాప్యం వరకు ఎదిగే తీరును వివరిస్తుంది. ఈ రెండింటిని ఒకే విద్యార్థి ఎందుకు చదవాలో ఒక ఉదాహరణ ద్వారా పరిశీలిద్దాం.

1. ఉదాహరణ

భర్తను పోగొట్టుకొన్న ఒక తల్లి, పోషించే స్తోమత లేక, తన ఆరేళ్ళ కుమారుని హాస్టల్‌లో చేర్పించిందనుకుందాం. నెల తిరగకముందే ఆ పిల్లవాడు రాత్రులు పక్క తడుపుతున్నాడు, ఎవరితోను మాట్లాడడం లేదు. వార్డెన్ దానిని మొండితనంగా భావించి, అందరి ముందు మందలించాడు.

2. మానవ వికాసం చూపించేది

తల్లికి దూరమైన పిల్లల మనస్సు ఎంతగా గాయపడుతుందో జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమర్పించిన నివేదికలో వివరించాడు. ఎరిక్ ఎరిక్‌సన్ 1950లో ప్రతిపాదించిన ఎనిమిది దశల ప్రకారం, బడి ఈడు పిల్లలకు "నేను చేయగలను" అనే ధీమా ఏర్పడాలి. పదే పదే అవమానిస్తే న్యూనతాభావం నాటుకుంటుంది. కాబట్టి ఆ పిల్లవానిలో కనబడేది మొండితనం కాకపోవచ్చు, దుఃఖం కావచ్చు.

3. సోషల్ వర్క్ చేయించేది

అయితే కారణం తెలిసినంత మాత్రాన పిల్లవాని స్థితి మారదు. సోషల్ వర్కర్ ఆ తల్లి ఇంటికి వెళ్తాడు. వితంతు పెన్షన్ వస్తున్నదా? దగ్గరలో బడి ఉన్నదా? బంధువులు ఆదుకోగలరా? అని విచారిస్తాడు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలను సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గం. కుటుంబంలోనే పిల్లలను పెంచుకొనుటకు ఆర్థిక సహాయం అందించే స్పాన్సర్‌షిప్ పద్ధతి కూడా ఆ చట్టంలో ఉన్నది.

4. రెండూ కలిసినప్పుడు

మొదటి చదువు మాత్రమే ఉంటే పిల్లవాని బాధ అర్థమవుతుంది గాని దారి దొరకదు. రెండవది మాత్రమే ఉంటే కాగితాలు సిద్ధమవుతాయి గాని పిల్లవాని వయస్సుకు తగిన అవసరం మరుగున పడిపోవచ్చు. అందుచేత క్షేత్రశిక్షణలో ఒకే పిల్లవాని స్థితిని విద్యార్థి రెండు వైపుల నుండి వ్రాయగలగాలి.

ముగింపు

మనలో అనేకులు హాస్టళ్ళు, బాలల గృహాలు నడుపుచున్నాము. ఎందరిని చేర్చుకొన్నామో మన రిజిస్టర్లు చెబుతాయి. ఎందరిని తల్లి యొద్దకు తిరిగి పంపగలిగామో కూడా వాటిలో వ్రాయడం మొదలుపెడదాం.