వృత్తసంఖ్యలో దాగిన వృత్తం

సింగపూర్‌లోని బెడోక్ నార్త్ స్ట్రీట్ 1లో 216వ బ్లాకు పోస్టల్ కోడ్ 460216. మొదటి రెండంకెలు ప్రాంతాన్ని సూచిస్తాయి, చివర బ్లాకు సంఖ్య ఉంటుంది. ఇది భవనానికి తగిలించిన గుర్తు మాత్రమే కాదు, చిరునామా అందులోనే ఉంది. ఛందశ్శాస్త్రంలోని వృత్తసంఖ్యలు కూడా ఇటువంటివే. శార్దూలవిక్రీడితం అతిధృతి ఛందంలో 149337వ వృత్తమని చదివినప్పుడు దానిని వట్టి వరుససంఖ్యగా భావించి దాటిపోవడం సహజం. కాని పాదంలోని 19 అక్షరాల గురులఘుక్రమమంతా ఆ సంఖ్యలోనే ఉంది. దానిని పదుల లెక్కలో కాక రెండ్ల లెక్కలో చదవాలి.

ప్రతి అక్షరమూ గురువో లఘువో అవుతుంది కనుక 19 అక్షరాల పాదానికి 524288 రూపాలు సాధ్యం. వీటిని క్రమంగా పరచడమే ప్రస్తారం. అన్నీ గురువులైనది మొదటిది, అన్నీ లఘువులైనది చివరిది. పాదంలోని అక్షరాలకు వరుసగా 1, 2, 4, 8 అంటూ రెట్టింపు విలువలిచ్చి, లఘువులున్నచోటి విలువలను మాత్రమే కూడి, 1 చేరిస్తే వృత్తసంఖ్య వస్తుంది. దీనికి ఉద్దిష్టమని పేరు. శార్దూలంలో 4, 5, 7, 9, 10, 11, 15, 18 స్థానాలు లఘువులు. వాటి విలువల మొత్తం 149336, ఒకటి కలిపితే 149337. గురువును 0గా, లఘువును 1గా వ్రాస్తే ఇది నేటి కంప్యూటర్లు వాడే బైనరీ పద్ధతే. తేడా ఒక్కటే, ఇక్కడ చిన్న విలువ ఎడమవైపున ఉంటుంది.

సంఖ్య తెలిసి రూపం తెలియనప్పుడు నష్టమనే ప్రక్రియ ఉపయోగపడుతుంది. పింగళుడు చెప్పిన పద్ధతి ఇది: సంఖ్య సరి అయితే లఘువు వ్రాసి సగం చేయాలి, బేసి అయితే గురువు వ్రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. 149337, 74669, 37335 మూడూ బేసి, కనుక మగణం. తరువాతి 18668, 9334 సరి, 4667 బేసి, కనుక సగణం. ఇలాగే సాగితే మ-స-జ-స-త-త-గ పూర్తిగా బయటపడుతుంది.

దీనినిబట్టి కొన్ని లక్షణాలు చూడగానే తెలుస్తాయి. బేసిసంఖ్య గల వృత్తం గురువుతో, సరిసంఖ్య గలది లఘువుతో మొదలవుతుంది. సంఖ్య మొత్తం రూపాలలో సగానికి మించకపోతే పాదాంతం గురువు.

అంతకన్నా ఆసక్తికరమైనది వృత్తాల మధ్య చుట్టరికం. శార్దూలంలోని మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే మత్తేభమవుతుంది. ఉత్పలమాలను అలాగే మారిస్తే చంపకమాల. సంఖ్యలలో ఈ మార్పు ఒకే సూత్రం: రెట్టింపు చేసి 2 కలపాలి. 149337 రెట్టింపుకు 2 కలిపితే 298676, అది కృతి ఛందంలో మత్తేభం. ఉత్పలమాల సంఖ్య 355799, చంపకమాలది 711600. మొదటి గురువు స్థానంలో రెండు లఘువులు చేరగానే మిగిలిన అక్షరాలన్నీ ఒక్కొక్క స్థానం జరిగి, వాటి విలువలు రెట్టింపవుతాయి. కొత్త లఘువులు 1, 2 విలువలను తెస్తాయి. యతిస్థానం 13 నుండి 14కు, 10 నుండి 11కు జరగడానికీ ఈ జరుగుబాటే కారణం.

అయితే యతి ఎక్కడ ఉండాలో, ప్రాస ఉండాలో లేదో సంఖ్య చెప్పదు. ఒకే గురులఘుక్రమాన్ని వేరు యతులతో వ్రాస్తే నడక వేరవుతుంది, సంఖ్య మాత్రం మారదు. వృత్తసంఖ్య పద్యపు అస్థిపంజరాన్ని ఒక్క అక్షరం పోకుండా భద్రపరుస్తుంది. దాని ఊపిరిని మాత్రం చదివేవారి గొంతులోనే వెతకాలి.