అభ్యంతరము చెప్పు వేళ

తార్నాక కూడలినుండి ఉస్మానియా ఆవరణలోనికి నడచువారికి వాహనముల రొద చెట్లలో అణగిపోవును. ఈ హాయి ప్రకృతి ఒక్కటే ఇచ్చినది కాదు. ఏ నేల దేనికో మాస్టరు ప్లానులో వ్రాసియుండును. నివాసమున కొక రంగు, వ్యాపారమున కొకటి, విద్యాలయములవంటి ప్రజోపయోగములకు వేరొకటి. 1975లో ఏర్పడిన హుడా స్థానే 2008 నుండి హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ ఈ పని చూచుచున్నది.

నేల వినియోగము మార్చదలచినచో ముందుగా ప్రకటించి ప్రజల అభ్యంతరములు స్వీకరింపవలెను. పత్రికలో మూల పడియుండు ఆ ప్రకటనను మనలో ఎందరు చదువుదురు?

పర్యావరణ పరిశీలన ఉన్నదిగదా అందురేమో! 2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారము 20,000 చదరపు మీటర్లు, ఆపైన గల భవనములకే ఆ అనుమతి. వానికైనను సాధారణముగా బహిరంగ విచారణ లేదు. కనుక పొరుగువారి మాటకు తావున్నది పటముపై రంగు మారకమునుపే. అభ్యంతరమును ప్రకటనలోని సర్వే నంబరుతో, గడువులోపల, వ్రాతమూలకముగా పంపవలెను.