తెర చాటున మూత్రపిండము

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములందు ఎలుకల బారినుండి ధాన్యమును కాపాడిన పిల్లి ముసలిదై, ఎంత తినినను చిక్కిపోవుచు, మాటిమాటికి నీరు త్రాగుచున్నచో, ఆకలి బాగున్నదని యింటివారు ఊరట చెందరాదు. అది థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయుటకు చిహ్నము కావచ్చును.

పిల్లులలో ఈ వ్యాధిని 1979లో అమెరికా పశువైద్యులు మొదట వర్ణించిరి. ఇది గుండెను పరుగెత్తించి, మూత్రపిండములకు రక్తమును అధికముగా పంపును. అందుచే అవి అప్పటికే చెడియున్నను రక్తపరీక్షలో మంచివిగా తోచవచ్చును. మెథిమజోల్ మందుతో థైరాయిడ్ అణగగానే తెర తొలగి, లోపము బయటపడును.

మందే మూత్రపిండములను చెరిచినదని తలచి మానివేయరాదు. థైరాయిడ్ ఉద్ధృతి వానికి మరింత కీడు. కావున పశువైద్యుడు కొద్ది మోతాదుతో ఆరంభించి, కొన్ని వారముల కొకసారి రక్తము, మూత్రము, రక్తపుపోటు పరీక్షించి మోతాదు సరిచేయును. నీటిగిన్నె ఎండనీయకుండుట, బరువు తూచి వ్రాసియుంచుట యింటివారి వంతు.