వెనుక చక్రానికి వెడల్పు టైరు

మన కళాశాల వాహనాల షెడ్డులో కొంతసేపు నిలబడి చూసిన వారికి ఒక సంగతి స్పష్టంగా గోచరిస్తుంది. చాలా మోటారు సైకిళ్ళకు ముందు చక్రం యథాతథంగా ఉండి, వెనుక చక్రం మాత్రం బొద్దుగా కనబడుతుంది. తయారీదారు ఇచ్చిన టైరును తీసివేసి, అంతకంటె వెడల్పైన టైరును వేయించుకోవడం మన విశాఖ యువకులలో ఒక వేడుకగా పరిణమించింది. బండికి దర్జా వస్తుందని కొందరు అంటారు. రోడ్డుమీద పట్టు పెరుగుతుందని మరికొందరు అంటారు. దర్జా అభిరుచికి సంబంధించిన మాట, దానిపై వాదన అనవసరం. పట్టు మాత్రం శాస్త్రానికి సంబంధించినది. ఆ రెండవ మాటను నమ్మి నేను కూడా మా ఇంటి బండికి వెడల్పు టైరు వేయించాను. అప్పుడు జరిగినదీ, ఆ తరువాత తెలుసుకున్నదీ సోదర విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బెల్‌ఫాస్టు నగరంలో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రాల బండికి గాలి టైరు అమర్చినది 1888లో. మన దేశంలో 1955 నుండి మద్రాసులో తయారైన బుల్లెట్ బండికి రెండు చక్రాలకూ ఒకే కొలత టైర్లు ఉండేవి. ఆ కొలత 3.25-19, అంటే వెడల్పు సుమారు 83 మిల్లీమీటర్లు. ఈనాటి యువకునికి అది సన్నగా తోచవచ్చు. కాని సైనికులు, పోలీసులు, సకుటుంబంగా ప్రయాణించే గృహస్థులు దశాబ్దాల తరబడి ఆ టైర్ల మీదనే తిరిగారు. 2008లో యమహా సంస్థ ఎఫ్.జెడ్. 16 అనే బండిని 140 మిల్లీమీటర్ల వెనుక టైరుతో విపణిలోకి తెచ్చినప్పటి నుండి వెడల్పు టైరుపై మోజు బాగా పెరిగింది. అయితే ఆ బండిలో రిమ్ము, వెనుక చక్రాన్ని పట్టుకొనే స్వింగ్ ఆర్మ్, మడ్‌గార్డు, అన్నీ ఆ టైరు కొలతకు తగినట్లే రూపొందాయి. చూసినవారు తక్కిన వాటిని వదిలి, టైరును మాత్రమే అనుకరించారు.

ఇక టైరు ప్రక్క గోడమీద అచ్చయ్యే అంకెల అర్థం చూద్దాం. మా బండి 150 సి.సి.ది, దాని వెనుక టైరు 100/90-17. ఇందులో 100 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 90 అనేది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. అనగా 90 మిల్లీమీటర్లు. 17 అనేది అంగుళాలలో రిమ్ము వ్యాసం, అంటే 431.8 మిల్లీమీటర్లు. దానికి పైన, క్రింద టైరు గోడలను కలిపితే చక్రం మొత్తం వ్యాసం 611.8 మిల్లీమీటర్లు అవుతుంది. నేను వేయించినది 120/80-17. దాని గోడ ఎత్తు 96, మొత్తం వ్యాసం 623.8. వెడల్పు మాత్రమే పెరుగుతుందని నేను భావించాను. ఎత్తు కూడా పెరిగింది. వ్యాసంలో 12 మిల్లీమీటర్లు, అంటే ఇరుసు నుండి పైకి 6 మిల్లీమీటర్లు. అల్పంగా కనిపించే ఈ ఆరు మిల్లీమీటర్లే ముందు ముందు కథ నడిపాయి.

పట్టు విషయానికి వద్దాం. వెడల్పు టైరు రోడ్డును ఎక్కువ మేర తాకుతుందని అందరూ అనుకుంటారు. ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఇద్దరు కూర్చున్నప్పుడు వెనుక చక్రంపై సుమారు 170 కిలోల భారం పడుతుందనుకొందాం. టైరులో 32 పౌండ్ల గాలి ఉన్నదంటే, చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.25 కిలోల ఒత్తిడి ఉన్నట్లు. ఆ భారాన్ని మోయడానికి టైరు నేలను తాకవలసిన వైశాల్యం 170ని 2.25 చేత భాగిస్తే వస్తుంది: ఇంచుమించు 75 చదరపు సెంటీమీటర్లు, ఒక అరచేయి అంత. ఈ లెక్కలో టైరు వెడల్పు ఎక్కడా రాలేదని గమనించగలరు. గోడల బిగువు వల్ల కొద్దిపాటి తేడా ఉండవచ్చు. ప్రధానంగా మారేది వైశాల్యం కాదు, దాని ఆకారం. సన్నని టైరు క్రింద ఆ అరచేయి పొడవుగా ఉంటుంది, వెడల్పు టైరు క్రింద అడ్డంగా పరచుకొంటుంది. మరి పందెపు బండ్లకు అంత లావు టైర్లు ఎందుకు అని ప్రశ్నింపవచ్చు. వాటి రబ్బరు మిక్కిలి మెత్తనిది. పాఠ్యపుస్తకంలోని ఘర్షణ సూత్రానికి రబ్బరు పూర్తిగా లొంగదు కూడా. భారాన్ని, వేడిని పంచుకోవడానికి ఆ మెత్తని రబ్బరుకు వెడల్పు అవసరం. నిత్యం గాజువాక నుండి సింధియా వరకు పోయే బండికి ఆ అవసరం లేదు.

మా అబ్బా రేవులో పని చేస్తారు. రాత్రి పాళీ ఉన్నప్పుడు ఆయనను బండిపై దింపి రావడం నా వంతు. టైరు మార్చిన తరువాత నేను ఒక్కడినే తిరిగినప్పుడు ఏ లోపమూ కనబడలేదు. ఇద్దరం కూర్చొని గతుకు దాటినప్పుడు మాత్రం వెనుక నుండి చిన్న గీరుడు శబ్దం వచ్చేది. చెయిను వదులైందనుకొని దానిని బిగించాను. సుమారు నెల గడిచిన తరువాత ఒక వానరాత్రి మల్కాపురం దగ్గర, పెద్ద ట్రైలరు లారీ ప్రక్కగా పోతుండగా, బండి వెనుక భాగం ఒక్కసారిగా ఊగింది. రోడ్డుమీద బొగ్గుపొడి వానకు తడిసి బురదగా మారి ఉన్నది. మేము పడలేదు; లారీ దాటిపోయింది. అబ్బా ఏమీ అనలేదు. గేటు దగ్గర దిగి, "రేపు ఉస్తాద్‌కు చూపించు" అని మాత్రం చెప్పి లోనికి వెళ్ళిపోయారు.

మరునాడు మా వీధి చివర పంక్చరు దుకాణం నడిపే ఉస్తాద్ దగ్గరకు పోయాను. ఆయన చక్రాన్ని విప్పి, టైరు మధ్యభాగంలో గోరు దూరేటంత లోతైన గాటును చూపించారు. అటువంటివి చుట్టూ వరుసగా ఉన్నాయి. ఇద్దరి బరువుకు షాక్ అబ్జార్బర్లు అణగినప్పుడల్లా, ఎత్తు పెరిగిన టైరు మడ్‌గార్డు లోపలి బోల్టు కొనకు తగులుతున్నది. దుకాణంలో ఖాళీ బండిని స్టాండుపై నిలబెట్టి చక్రం త్రిప్పి చూసినవారికి ఇది తెలిసే అవకాశం లేదు.

"బేటా, టైరు మీది అంకె చదివావు. రిమ్ము మీది అంకె చదివావా?" అని అడిగారు ఉస్తాద్. చదవలేదు. తుడిచి చూస్తే రిమ్ముపై 2.15 అని ఉన్నది. అది అంగుళాలలో రిమ్ము లోపలి వెడల్పు. 100 కొలత టైరుకు అది చాలును. 120 కొలత టైరుకు రెండున్నర అంగుళాలకు తగ్గని రిమ్ము కావలెను, రెండుముప్పావు అయితే సరిగ్గా సరిపోతుంది. ఇరుకు రిమ్ములో వెడల్పు టైరును ఇరికిస్తే దాని రెండు అంచులు దగ్గరగా నొక్కుకొని, నడినెత్తి పైకి ఉబుకుతుంది. రిమ్ము అర అంగుళం తగ్గితే టైరు వెడల్పు దాదాపు 5 మిల్లీమీటర్లు తగ్గుతుందని ఒక స్థూలమైన లెక్క. కనుక నేను 120కి డబ్బు చెల్లించి సుమారు 114 పొందాను! అంతకంటె విచారకరమైన సంగతి ఏమంటే, ఉబికిన టైరు తిన్నగా పోయేటప్పుడు నేలను నడి గీతమీద మాత్రమే తాకుతుంది. ప్రక్కనున్న గాళ్ళు నేలకు ఆనవు, నీటిని తొలగించవు. నడిమి గాళ్ళు తొందరగా అరిగిపోతాయి. పట్టు కోసం వేయించిన టైరు పట్టును తగ్గించింది.

మలుపుల సంగతి కూడా చెప్పాలి. సింహాచలం కొండదారిలో గాని, అనంతగిరి ఘాటులో గాని బండిని వంచినప్పుడు, టైరు నేలను తాకే స్థానం మధ్య నుండి ప్రక్కకు జరుగుతుంది. టైరు ఎంత వెడల్పైతే అంత దూరం జరుగుతుంది. అందువల్ల అదే మలుపును అదే వేగంతో తిరగడానికి బండిని ఇంకొంచెం ఎక్కువ వంచవలసి వస్తుంది. ఇరుకు రిమ్ములో నొక్కుకుపోయిన టైరైతే వేరొక చిక్కు: నడినెత్తి మొనదేలి ఉండడంతో బండి ఒక్కసారిగా ప్రక్కకు వాలుతుంది.

ఇంకా కొన్ని చూడవలసినవి ఉన్నాయి. ఒక ప్రక్క చెయిను, మరొక ప్రక్క డ్రమ్ము బ్రేకును పట్టి ఉంచే కడ్డీ ఉంటాయి. టైరుకు, వాటికి నడుమ చిటికెన వ్రేలు పట్టేటంత సందైనా మిగలాలి. ఆ సందును చక్రం బాగా ముందుకు ఉన్న స్థితిలో, ఇద్దరిని కూర్చోబెట్టి చూడాలి. గోడమీద 55 పి అని ఉంటే ఆ టైరు 218 కిలోలు మోయగలదని, గంటకు 150 కిలోమీటర్లు తట్టుకొంటుందని అర్థం. పాతదానికంటె తక్కువ అంకె గలది ఎన్నటికీ వేయించరాదు. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి. దాటిన కొత్త బండ్లకు ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది. రెండు చక్రాలకూ ఆ సాధనం ఉన్న బండ్లలో అది రెండింటి వేగాన్ని పోల్చుకొంటుంది గనుక, ఒక చక్రం వ్యాసం మార్చడం దానిని తికమక పెట్టడమే. చట్టం మాట క్లుప్తంగా: 1988 మోటారు వాహనాల చట్టం 52వ విభాగం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది.

ఉస్తాద్ ఒక మధ్యేమార్గం కూడా సూచించారు. 110/80-17 టైరు వెడల్పు పది మిల్లీమీటర్లు ఎక్కువ, కాని దాని మొత్తం వ్యాసం 607.8, అంటే పాతదానికంటె నాలుగు మిల్లీమీటర్లు తక్కువే, బోల్టుకు తగలదు. తయారీదారు పట్టికలో మా రిమ్ము కొలత ఉన్నదో లేదో చూసుకొని వేయవచ్చునన్నారు. ఇంటికి వచ్చి అబ్బాను అడిగాను. ఆయన నమాజుకు లేస్తూ, "పాత కొలతే వేయించు" అన్నారు. వేయించాను. గాట్లు పడిన ఆ 120 టైరును ఉస్తాద్ తన దుకాణం ముందు కొయ్యకు వ్రేలాడదీసి, దానిపై తెల్లరంగుతో "పంక్చరు వేయబడును" అని వ్రాయించారు. మా వీధికి దారి చెప్పేవారు ఇప్పుడు దానినే గుర్తుగా చెబుతారు.