కైలాసగిరి కింద వంద కోట్ల ఏళ్లు

స్కూల్లో సోషల్ పరీక్షకి నేను బట్టీ పట్టిన ఆన్సర్: తూర్పు కనుమలు ఎత్తు తక్కువ, అక్కడక్కడా తెగిపోయిన కొండలు. రెండు మార్కులు వచ్చాయి గానీ, ఆ కొండల మీద గౌరవం మాత్రం రాలేదు. హిమాలయాల ముందు ఇవెంతలే అనుకునేవాణ్ణి. వయసు తెలిశాక ఆ మాట వెనక్కి తీసుకున్నా.

హిమాలయాలను లేపిన ఢీ మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లు. విశాఖ, అరకు వైపు కొండల్ని తయారుచేసిన ఢీ జరిగి దాదాపు 100 కోట్ల ఏళ్లు. అప్పుడు మన భూభాగాన్ని వచ్చి గుద్దుకున్నది తూర్పు అంటార్కిటికా!

ఇదంతా ఎలా తెలిసింది? కైలాసగిరి రాయిని దగ్గరగా చూడండి. దాని పేరు ఖోండలైట్. ఈ కొండల్లో ఉండే ఖోండు తెగ పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ ఆ పేరు పెట్టాడు. అందులో ఎర్రటి చుక్కలు గార్నెట్లు. వాటితోపాటు సిల్లిమనైట్, మన పెన్సిల్లో ఉండే గ్రాఫైట్ కూడా ఉంటాయి. మొదట్లో ఇది నీటి అడుగున పేరుకున్న బురద. ఆ ఢీలో పాతిక కిలోమీటర్ల లోతుకు పోయి, 900 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి రాయిగా మారింది. ఏ ఖనిజాలు ఎంత వేడికి, ఎంత ఒత్తిడికి కలిసి పుడతాయో ల్యాబుల్లో తేల్చారు. జిర్కాన్ అనే చిన్న గింజల్లో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిస్తే టైమ్ కూడా దొరుకుతుంది. మా సీఎస్ఈ వాళ్ల భాషలో, రాయి అంటే లాగ్ ఫైల్.

మరి అంత లోతున ఉన్నది పైకెలా వచ్చింది? పడవలోంచి బస్తాలు దించుతుంటే పడవ పైకి తేలుతుంది కదా. అలాగే వానలు, నదులు పైనున్న పర్వతాన్ని అరగదీసేకొద్దీ అడుగు పైకి లేచింది. అంటే మనం సెల్ఫీలు దిగుతున్నది ఆ పర్వతం శిఖరం మీద కాదు, దాని వేరు మీద.

సుమారు 13 కోట్ల ఏళ్ల కింద అంటార్కిటికా మన నుంచి విడిపోయింది. అదే వయసు రాళ్లు ఇప్పటికీ అక్కడి తీరంలో మంచు మధ్య ఉన్నాయి.

ఈసారి ఎక్కడైనా జేసీబీ కొండను చెక్కుతుంటే ఒక్క నిమిషం ఆగి చూడండి. ఈ లాగ్ ఫైల్‌కి బ్యాకప్ లేదు.